పైన వెండి, లోపల నీలం

కావ్యశ్రీ టార్చిలైటును గొట్టంలోంచి తీయలేదు. భోజనాల బల్ల మీద, ఇడ్లీల గిన్నెకూ చట్నీ గిన్నెకూ నడుమ, మూడు చక్రాల పరుగు పందేల కుర్చీ తాలూకు చట్రం చక్రాలు లేకుండా వెల్లకిలా పడి ఉంది. ఇంట్లో నలుగురూ దాన్నే చూస్తున్నారు. మురుంగపాక్కంలోని ఆ ఇంట్లో వేడి ఇడ్లీలను ఎవరూ పట్టించుకోకపోవడం మూడు తరాల్లో ఇదే మొదటిసారి.

"ఈ జాయింటు నేను చెయ్యలేదండి," అంది కావ్యశ్రీ. పదకొండోసారి.

మొదటి పదిసార్లకూ మామ కృష్ణస్వామి పది రకాల జవాబులు చెప్పాడు. ఇప్పుడు జవాబులు నిండుకున్నాయి గనక ఆకురాయి తెచ్చుకున్నాడు. ఇరుసు గొట్టం చట్రంతో కలిసే చోట దాన్ని ఆనించి ఒక్క లాగు లాగాడు. ఆకురాయి కీచుమని జారిపోయింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ జారింది. ఆయన ముఖంలో కొడుకు పదవ తరగతి పాసైన తండ్రి కళ వచ్చింది.

"చూడు. ఆకురాయి పండ్లే పడతా లేదు. నలభై ఏండ్లలో ఇంత గట్టి జాయింటు నేను కట్టలేదు. ఇంకేం కావాల నీకు?"

"ఆ గట్టిదనమే రోగమండి మావయ్యగారూ. అప్పడం కూడా గట్టిదేనండి. వంచి చూడండి."

యానాం పిల్ల గనక కావ్యశ్రీకి కోపం పెరిగే కొద్దీ 'అండి'లు పెరుగుతాయి. ఆ పొద్దున ఒక్క మాటా 'అండి' లేకుండా రావడం లేదు. ఒక్క గుక్కలో నాలుగు దాటితే ఇంట్లో సామాన్లు పగులుతాయని ఆమె భర్త శరవణన్ ఈ రెండేళ్ళ కాపురంలో కనిపెట్టాడు. అందుకే చట్నీ గిన్నెను మెల్లగా తన వైపు జరుపుకున్నాడు.

జరిగింది చిన్నదే. ఆ చట్రంలో పన్నెండు అతుకులు. పదకొండు కావ్యశ్రీ వేసింది. పన్నెండోది, ఇరుసు దగ్గరిది, మనిషి బరువంతా మోసేది, మిగిలి ఉండగా తమ్ముడు హర్షవర్ధన్ నిశ్చితార్థానికి యానాం వెళ్ళింది. అది మాత్రం ముట్టుకోవద్దు, నేను వచ్చి చేస్తానని వెళ్ళేముందు ముగ్గురికీ విడివిడిగా చెప్పింది. వంటింటి తలుపు మీద కూడా రాసి అంటించింది. తమిళ బడుల్లో చదువుకున్న ఆ ఇంట్లో ఎవరికీ తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదన్న సంగతి ఆ తొందరలో మరిచిపోయింది.

నిన్న సాయంత్రం తిరిగి వచ్చేసరికి పన్నెండో అతుకు పూర్తయి వెండిలా మెరుస్తోంది. పక్కనే ఏ అతుకు ఎవరిదో చెప్పే ఆమె నంబరు, కె.ఎస్. 4, ఉక్కు పంచి అనే ముద్ర ఉలితో కొట్టి ఉంది. ఆమె బీరువాలో, చీరల కింద, గుడ్డలో చుట్టి దాచిన పంచి.

పొద్దున టార్చి పెట్టి గొట్టం లోపలికి చూసింది. పైన వెండి. లోపల నెమలి మెడ నీలం, అంచుల్లో బూడిద తెలుపు.

నీలం అంటే ఏమిటో ఆమె ఈ ఇంట్లో కాలు పెట్టినప్పటి నుంచి చెబుతూనే ఉంది. ఇనుముకు వెల్డు వేస్తే పైన చిట్టెం కడుతుంది, సుత్తితో కొడితే రాలిపోతుంది, కథ ముగుస్తుంది. టైటానియం అలా కాదు. అది చల్లగా ఉన్నంతసేపు మహా బుద్ధిమంతురాలు. కాగితే మాత్రం దాహం. గాలి తగిలితే చాలు, ఆక్సిజన్‌ను లోపలికి తాగేస్తుంది, తాగినదాన్ని మళ్ళీ కక్కదు. అందుకే వెల్డు వేస్తున్నంతసేపూ, మంట ఆగాక చల్లారేదాకా కూడా, లోపలా బయటా ఆర్గాన్ వాయువు పారుతూ ఉండాలి. సరిగ్గా పారితే అతుకు వెండి రంగులో వస్తుంది. గడ్డి రంగు వస్తే పరవాలేదు. నీలం వచ్చిందంటే గాలి తాగింది. తెలుపు వచ్చిందంటే తాగి పడిపోయింది. అప్పుడది ఆకురాయికి లొంగనంత గట్టిపడుతుంది. సాగడం మరిచిపోతుంది. ఒకనాడు ఏ గతుకులోనో, మాట వరసకు కూడా చెప్పకుండా, విరుగుతుంది.

ఈ చట్రం మీద కూర్చోబోయేది మరగతం. ఇందిరా నగర్ పిల్ల, పందొమ్మిదేళ్ళు, నడుము కింద కాళ్ళు పనిచేయవు. తెల్లారగట్ల బీచ్ రోడ్డులో బండ్లను రానివ్వని వేళ తన పాత కుర్చీలో గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో పోతుంది. పొద్దున నడకకు వచ్చిన పెద్దమనుషులు ఆమెను చూసి పక్కకు దూకి, ఆ దూకుడు వల్లే ఆరోగ్యంగా ఉన్నారు. ఆదివారం ఎంపిక పోటీలు. ఇవాళ బుధవారం. పది గంటలకు కోచ్ జయరామన్ వ్యాను వేసుకుని చట్రం తీసుకెళ్ళడానికి వస్తున్నాడు.

"పంచి ఎవరు తీసేరండి?" అని అడిగింది కావ్యశ్రీ.

శరవణన్ ఇడ్లీ గిన్నె మూత సరిచేశాడు. తన దువ్వెనతో ఇంకెవరైనా తల దువ్వుకుంటే మూడు రోజులు అలిగే మనిషి అతను.

"చట్రంతో ఇచ్చే కాగితంలో అన్ని జాయింట్లకీ ఒకే నంబరు ఉండాల గదా. లేకుంటే జయరామన్ సార్ తీసుకోడు. మన ఇంటి నంబరే గదా కావ్యా."

"ఇంటి నంబరు గోడ మీద ఉందండి. అది నా చేతి గుర్తండి."

పక్కింటి పూంగావనం టీవీ సౌండు తగ్గించి గోడ దగ్గరికి వచ్చింది.

అత్త మీనాంబాళ్ ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆవిడకు ఆరోగ్యానికి మంచిది కాదు. ఇప్పుడు మొదలుపెట్టింది. తన మొగుడు కట్టిన గేట్లు ఈ ఊళ్ళో ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పింది. థానే తుపానుకు గోడలు పడిపోయినా గేట్లు పడలేదని, మూడు ఇళ్ళవాళ్ళు గోడల్లేని వాకిట్లో కూడా చాలా దినాలు మర్యాదగా గేటు తీసుకునే లోపలికి పోయినారని గుర్తు చేసింది. అట్లాంటి చేతిని నిన్నగాక మొన్న వచ్చిన కోడలు టార్చిలైటు పెట్టి వెతుకుతుందా అని అడిగింది. అడుగుతూనే వంటింట్లోకి వెళ్ళి, సాంబారు ఇంకా ఉడుకుతుండగానే గ్యాస్ కట్టేసి మూత పెట్టి వచ్చింది. మిగతాది ఆ వేడికే ఉడుకుతుందని ఆవిడ సిద్ధాంతం.

కృష్ణస్వామి ఆకురాయిని బల్ల మీద పెట్టాడు.

"పట్టరైకి రా. నీ కండ్ల ముందర కడతాను. నువ్వే వంచు. విరిగితే ఈ జన్మలో మళ్ళీ టార్చి ముట్టను. విరగకుంటే నువ్వు నాకు చెప్పాల, తప్పయిందని."

ఆయన నోట టార్చి అంటే వెల్డింగు టార్చి. నలభై ఏళ్ళుగా అది పట్టుకునే ఇల్లు నడిపాడు. ఈ మాటతో ఇంట్లో గాలి మారిపోయింది.

చట్రానికి తెచ్చిన గొట్టంలో మూరెడు ముక్క మిగిలి ఉంది. దాన్నే కోద్దామన్నాడు కృష్ణస్వామి. ఇంకేమీ లేదు, ఉండేది అదొక్కటే అని శరవణన్ అనబోయాడు. నువ్వు మూసుకో అని తండ్రి అన్నాడు, మీరు ఊరుకోండని భార్య అంది. ఆ పొద్దున వాళ్ళిద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

*

పట్టరై అంటే ఇంటి వెనకాల రేకుల షెడ్డు. ముందు సగంలో గేట్లు, గ్రిల్లులు, ఇనప కంపు. వెనక సగంలో ప్లాస్టిక్ తెరలు కట్టి కావ్యశ్రీ వేసుకున్న చిన్న గది. ఆ గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదు. ఫ్యాను వేయకూడదు, ఆర్గాన్ చెదిరిపోతుంది. నూనె చేతులు పెట్టకూడదు. మే నెలలో ఆ గదిలో పావుగంట నిలబడితే మనిషి సగం ఆవిరైపోతాడు. ఆ తెరల లోపలికి దేవుడొచ్చినా చేతులు కడుక్కునే రావాలని ఆమె నియమం. మీనాంబాళ్‌కు ఆ మాట మీద కూడా కోపం ఉంది.

కృష్ణస్వామి గొట్టాన్ని నాలుగు ముక్కలు కోశాడు. అసిటోన్ గుడ్డతో తుడిచాడు. కొత్త గ్లౌజులు తొడుక్కున్నాడు. ప్రతి పనీ కోడలి వైపు ఒకసారి చూసి మరీ చేశాడు. ఆ చూపుకు అర్థం, నేనేమీ గుడ్డివాణ్ణి కాదు, ఏడాదిగా నీ పని చూస్తూనే ఉన్నాను, అని. నిజమే. గుడ్డివాడు కాదు. చెవులు మాత్రం గ్రైండరు మోతకు ఎప్పుడో పోయాయి. ఎడమ చెవి పూర్తిగా రిటైరైంది. కుడి చెవి తనకు నచ్చినప్పుడు డ్యూటీకి వస్తుంది.

శరవణన్ సిలిండరు వాల్వు తిప్పాడు. ఆర్గాన్ సన్నగా బుసకొట్టింది. మీనాంబాళ్ రాలేదు. ఇట్లాంటి పోటీకి తాను సాక్షిగా రానని చెప్పి వాకిట్లో నిలబడి గోడతో మాట్లాడుతోంది. గోడ అవతల పూంగావనం ఊకొడుతోంది.

ఆయన అతుకు వేశాడు. నాలుగు దఫాలుగా, గొట్టం చుట్టూ, ఒక్కో దఫా పావు వంతు. మంట ఆగిన ప్రతిసారీ టార్చిని కదపకుండా అక్కడే పట్టుకుని, గ్యాస్ ఇంకా పారుతుండగానే నోట్లో ఇరవై దాకా లెక్కపెట్టుకున్నాడు. కావ్యశ్రీ పక్కనే నిలబడి చూసింది. తప్పు దొరకలేదు. తప్పు దొరకాలని తాను ఎంత కోరుకుంటోందో ఆమెకు అప్పుడే తెలిసింది. అది తెలిసి ఇంకా కోపమొచ్చింది.

అతుకు వెండి రంగులో వచ్చింది. లోపల చూసింది. లోపలా వెండే.

వైసు దవడల మధ్య పెట్టి, పిడి తిప్పుతూ వంచారు. గొట్టం వంగింది. ఇంకా వంగింది. పెళ్ళిలో పెద్దవాళ్ళ కాళ్ళకు దణ్ణం పెట్టే కొత్త అల్లుడిలా పూర్తిగా వంగిపోయింది. ఎక్కడా వెంట్రుకంత పగులు లేదు.

కృష్ణస్వామి ముసుగు తీసి చెమట తుడుచుకున్నాడు. అరవలేదు. గెలిచినవాడు అరవనవసరం లేదు. చెయ్యి చాచి వంగిన గొట్టాన్ని కోడలి ముందు పెట్టాడు. ఇప్పుడు చెప్పు అన్నట్టు నిలబడ్డాడు.

"తప్పయింది మావయ్యగారూ," అంది కావ్యశ్రీ. ఒక్క 'అండి' కూడా లేదు. "మీ చేతిది తప్పు కాదు. కాని బల్ల మీది గొట్టంలో నీలం అలాగే ఉంది."

వదిలెయ్యమన్నాడు శరవణన్. తొమ్మిదిన్నర అయిందన్నాడు. నాన్న జాయింటు విరగలేదని కళ్ళారా చూశాం గదా, అదీ ఇదీ ఒకే చెయ్యి గదా అన్నాడు. అతని తర్కంలో లోపం లేదు. గొట్టంలో మాత్రం నీలం ఉంది.

పన్నెండో అతుకు వేసిన రోజు సిలిండరు దగ్గర ఎవరున్నారని కావ్యశ్రీ అడిగింది. తాను కదిర్కామంలో ఒక గ్రిల్లు బిగించడానికి పోయానన్నాడు శరవణన్. మీ అత్తే తిప్పింది, ఏం, వాల్వు తిప్పేదానికి కూడా సర్టిఫికెట్ కావాలా అని అడిగాడు కృష్ణస్వామి.

మీనాంబాళ్‌ను పిలిచారు. రానంది. సాక్షిగా కాదు, సిలిండరు తిప్పడానికి అన్నారు. అప్పుడు వచ్చింది. ఆవిడను పనికి పిలిస్తే యముడి దగ్గరికైనా చేతులు తుడుచుకుంటూ వెళుతుంది. తెర ముందు చెప్పులు విడిచేటప్పుడు మాత్రం అవి చాలా దూరం ఎగిరిపడ్డాయి.

ఈసారి ముసుగు కావ్యశ్రీ వేసుకుంది. ఆ రోజు ఎలా చేశారో అలాగే చెయ్యండి అత్తయ్యగారూ అంది. మీనాంబాళ్ సిలిండరు పక్కన స్టూలు మీద, ఆపరేషన్ థియేటర్లో నర్సంత శ్రద్ధగా, వాల్వు మీద చెయ్యి వేసి కూర్చుంది. మొగుడు తల ఊపగానే తిప్పింది. మంట పుట్టింది. తెల్లటి చుక్క గొట్టం మీద పావు వంతు పాకింది. మంట ఆగింది.

ఆగిన ఆ క్షణంలోనే మీనాంబాళ్ టకటకా వాల్వు కట్టేసింది.

బుస ఆగిపోయింది. ఇంకా ఎర్రగా ఉన్న అతుకు మీద రంగులు నడవడం మొదలుపెట్టాయి. వెండి కాస్తా గడ్డి రంగైంది. గడ్డి రంగు ఊదా అయింది. ఊదా నీలమైంది. నలుగురూ చూస్తుండగా, ఎవరూ ముట్టుకోకుండా, టైటానియం పండక్కి కోక మార్చుకున్నట్టు మార్చుకుంది. చివర చిటికెడు బూడిద తెలుపు.

మీనాంబాళ్ ఒక్కొక్కరి ముఖమూ చూసింది.

"ఏంది అట్ల చూస్తా ఉండారు? మంట ఆరినాక గ్యాస్ ఎందుకు పోవాల? ఈ ఇంట్లో ఎవరూ కట్టరు. నేనే కట్టాల."

"ప్రతిసారీ కట్టినావా?" అని అడిగాడు కృష్ణస్వామి.

"ప్రతిసారీ. ఒక్కసారి కూడా మరవలేదు," అంది మీనాంబాళ్.

ఆవిడ వంటింట్లో గ్యాస్ సిలిండరు డెబ్బయి రెండు రోజులు వస్తుంది. పూంగావనం ఇంట్లో నలభై. ఈ విషయంలో ఆవిడకు వీధిలో ఒక స్థానం ఉంది. మొగుడి చెవికి బుస వినపడదు గనక, బుస ఆగిన సంగతి కూడా వినపడలేదు. ఆయన ఆ రోజు కూడా టార్చిని కదపకుండా పట్టుకుని, ఆగిపోయిన గాలికి నమ్మకంగా ఇరవై దాకా లెక్కపెట్టి ఉంటాడు.

కావ్యశ్రీ ముసుగు మళ్ళీ దించుకుంది. మిగతా మూడు దఫాలూ అదే తీరున వేసింది. ప్రతి దఫా నీలం మీదుగా మొదలై, ఆ నీలాన్ని కరిగించి లోపలికి కలిపేసింది. ప్రతి దఫా చివరా అత్త వాల్వు కట్టింది. ఏదో తప్పు జరుగుతోందని ఆవిడకు అర్థమైంది. కానీ చేతులు ఆగలేదు. నలభై ఏళ్ళ అలవాటు.

చల్లారాక వైసులో పెట్టారు. శరవణన్ వైసు పిడి పట్టి తిప్పాడు. పావు చుట్టు కూడా తిరగలేదు. టప్ మంది. గొట్టం రెండు ముక్కలైంది. విరిగిన ముఖం మీద పలుకులు పటికబెల్లం ముక్క కొరికినట్టు తళతళలాడాయి. మీనాంబాళ్ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కృష్ణస్వామి ముక్క చేతిలోకి తీసుకుని విరిగిన వైపు వేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు. అప్పుడు, ఎవరూ అడగకుండానే, ఆ రోజు పైన కూడా నీలం వచ్చిందన్నాడు. చూశానన్నాడు. నువ్వు నీలం వచ్చిన ముక్కలను ఏడాదిగా మూల పారేస్తావు గదా, అది తెలిసే వైరు బ్రష్షుతో రుద్ది వెండి చేశానన్నాడు. చిన్నగా ఉంది, పరవాలేదు అనుకున్నానన్నాడు.

కావ్యశ్రీ గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టింది.

"అత్తయ్యగారికి తెలీదండి. తెలీక కట్టేరండి. మీకు తెలుసండి. తెలిసి రుద్దేరండి. ఈయన తెలిసి నా నంబరు కొట్టేరు. ఆ పిల్ల నడుము విరిగిన రోజున పోలీసోళ్ళు చదివేది కె.ఎస్. నాలుగండి."

నాలుగు దాటాయి. శరవణన్ చుట్టూ చూశాడు. పగిలే సామానేదీ దగ్గర్లో లేదు.

జవాబుగా వాకిట్లో వ్యాను హారను మోగింది.

*

జయరామన్ ఒక్కడే వస్తాడనుకున్నారు. మరగతం కూడా వచ్చింది. ఆమె ఇంట్లో వాడే కుర్చీని తోసుకుంటూ, ఎవరూ పిలవకుండానే పక్క సందులోంచి నేరుగా పట్టరైకి వచ్చేసింది. ఒళ్ళో పసుపు రాసిన నిమ్మకాయ. కొత్త చట్రానికి చక్రాలు బిగించాక కింద పెట్టి తొక్కించడానికి అమ్మ ఇచ్చిందట. అక్కా, యాడ ఉంది నా బండి అని అడిగింది. ఆ ముఖం చూసి మీనాంబాళ్ తల తిప్పుకుంది.

శరవణన్ అప్పటికే లోపలికి పరుగెత్తి చట్రాన్ని మోసుకొచ్చాడు. అంతా రెడీ అన్నాడు జయరామన్‌తో. కాగితాలు కూడా రెడీ అన్నాడు. అతను అబద్ధం చెప్పేటప్పుడు చాలా చక్కగా నవ్వుతాడు, నిజం చెప్పేటప్పుడే తడబడతాడు.

"ఇది ఇవ్వను మరగతం," అంది కావ్యశ్రీ.

చెప్పింది. వాల్వు, నీలం, బ్రష్షు, పంచి. అత్త పేరు మాత్రం చెప్పలేదు. సిలిండరు మధ్యలో కట్టారు అని ఊరుకుంది. ఇరుసు దగ్గరి అతుకు ఇవాళ విరగొచ్చు, ఏడాది దాకా విరగకపోవచ్చు, ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరంది. జయరామన్ ఆదివారం అన్న మాటను మూడు భాషల్లో అన్నాడు. మరగతం మధ్యలో అడ్డు రాలేదు. నిమ్మకాయను అరచేతిలో తిప్పుతూ విన్నది.

ఆ ముక్క కోసి కొత్తది వెయ్యడానికి ఎన్ని దినాలు పడుతుందని అడిగింది.

"ఒక్క రోజు," అంది కావ్యశ్రీ.

"అయితే వెయ్యి."

"గొట్టం లేదమ్మా. బొంబాయి నుంచి రావాలి. పన్నెండు రోజులు."

"మూరెడు మిగిలిందని పోయిన వారం నువ్వే చెప్పినావు."

మరగతం చూపు షెడ్డులో ఒక చుట్టు తిరిగింది. వైసు దగ్గర ఆగింది. పక్కనే పూర్తిగా వంగిన గొట్టం ఒకటి, రెండు ముక్కలైన గొట్టం ఒకటి, పోటీకి పెట్టినట్టు. ఆమె కుర్చీ తోసుకుంటూ దగ్గరికి వెళ్ళి, విరిగిన ముక్క ఒకటి తీసి, ఇంకా వెచ్చగా ఉందేమో అన్నట్టు చెంపకు ఆనించుకుంది.

"ఎవరు గెలిచినారు?"

కృష్ణస్వామి చెవి ఆ క్షణంలో డ్యూటీలోనే ఉంది. ఆయన తల దించుకున్నాడు. మీనాంబాళ్ నేల మీద లేని చెత్తను కాలితో ఒక పక్కకు తోసింది.

"పొద్దుటి నుంచి నలుగురూ కూర్చుని నా ఎముకల మీద పందెం వేసుకున్నారు," అంది మరగతం. గొంతు పెంచలేదు. "నాకొక ఫోను చెయ్యాలని ఒకరికీ తోచలా. అడిగి ఉంటే చెప్పి ఉంటాను గదా, మీ మానం మీది, ఆ మూరెడూ నాది అని."

గోడ అవతల పూంగావనం ఊకొట్టడం మరిచిపోయింది.

మరగతం కోచ్ వైపు తిరిగి చట్రాన్ని వ్యానులోకి ఎక్కించమంది. కావ్యశ్రీ అడ్డంగా నిలబడింది. ముప్పై కిలోమీటర్ల వేగంలో ఇరుసు విరిగితే ఏమవుతుందో తెలుసా అని అడిగింది.

"పడేది నాకు కొత్త కాదు అక్కా. ఎన్నోసార్లు పడినాను. ఆదివారం పొద్దున ఇంట్లో కూర్చునేదే నాకు చేతకాదు." ఆమె వేలితో కె.ఎస్. 4 అన్న అక్షరాలను తడిమింది. "నీ బాధ ఇదే గదా. గీకెయ్యి. నీ నంబరు లేకుండానే తీసుకుపోతాను. విరిగితే నీ పేరు ఎవరూ అడగరు. సార్ కూడా అడగడు."

శరవణన్‌కు ఇంతకన్నా న్యాయమైన మాట జీవితంలో వినలేదనిపించింది. గ్రైండరు అందుకుని ప్లగ్గు పెట్టేశాడు కూడా. జయరామన్ సందులోంచి వాకిట్లోకి నడిచి వ్యాను టైర్లను పరిశీలించసాగాడు. ఏమీ చూడలేదని రేపు చెప్పాల్సిన మనిషికి ఆ టైర్లు చాలా అవసరం.

కావ్యశ్రీ కె.ఎస్. 4 వైపు చూసింది. పొద్దుటి నుంచి ఆమె అరిచిందంతా ఆ రెండక్షరాలూ ఒక అంకె గురించే. ఇప్పుడవి పోతాయి. పది సెకన్ల పని. చెయ్యి కడిగేసుకోవచ్చు. ఇంట్లో శాంతి, మామకు మర్యాద, మొగుడికి మధ్యాహ్నం నిద్ర.

ఆమె వెళ్ళి గ్రైండరు ప్లగ్గు పీకేసింది.

గోడకు వేలాడుతున్న హాక్సా రంపం తీసింది. చట్రాన్ని శరవణన్ ముందు నుంచి లాక్కుని పని బల్ల మీద పడుకోబెట్టింది. బ్లేడును ఇరుసు అతుకు పక్కనే, ఆకురాయికి లొంగే గొట్టం మీద పెట్టింది. కోసేస్తే ఇక ఎవరూ దీన్ని ఎక్కలేరు. నంబరు ఉన్నా లేకున్నా ఎక్కలేరు.

మొదటి లాగు పడేలోపు మరగతం కుర్చీ బల్లకు వచ్చి కొట్టుకుంది. ఆమె చెయ్యి చాచి అతుకు మీద అరచేయి ఆనించింది. చక్రాలు తోసి తోసి కాయలు కాసిన చెయ్యి.

"కొయ్యి అక్కా. నా చెయ్యి మాత్రం తీయను."

బ్లేడు పళ్ళకూ ఆమె వేళ్ళకూ మధ్య ఒక అగ్గిపుల్ల దూరేంత సందు ఉంది. కావ్యశ్రీ పిడి మీద పట్టు సడలించలేదు. మీనాంబాళ్ కొడుకు భుజం పట్టుకుంది. జయరామన్ టైర్లను వదిలేసి వచ్చి, ముందుకు రావాలో వద్దో తేలక, తెర పక్కన నిలబడిపోయాడు.

కదిలింది కృష్ణస్వామి ఒక్కడే. మెల్లగా వచ్చి, బల్ల అవతలి వైపు నిలబడి, చట్రాన్ని రెండు చేతులతో, నరాలు తేలేంత గట్టిగా, బిగించి పట్టుకున్నాడు. కోయకుండా ఆపడానికి పట్టుకున్నాడో, కోసేటప్పుడు కదలకుండా పట్టుకున్నాడో ఆయన ముఖం చూసి చెప్పడం అక్కడ ఎవరివల్లా కాలేదు.